సర్వర్ ఎవరి మాట నమ్ముతోంది?

ప్రశ్న: మా సంస్థలో నలభై లినక్స్ యంత్రాలు ఒకే స్టోరేజ్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా ఫోల్డర్లు పంచుకుంటాయి. ఏ ఐపీలకు అనుమతి ఉందో జాబితా ఉంది. ఫైళ్ల అనుమతులూ సరిగానే ఉన్నాయి. అయినా ఆడిటర్ ‘ధ్రువీకరణ లేదు’ అని రాశారు. అందరూ పాస్‌వర్డ్ ఇచ్చే కదా లోపలికి వస్తున్నారు? టికెట్లతో గుర్తింపు రుజువు చేసే కెర్బెరోస్‌కు మారక తప్పదా?

జవాబు: ఆడిటర్ రాసింది నిజమేనండీ. పాస్‌వర్డ్ అడుగుతున్నది ఉద్యోగి ఎదుట ఉన్న యంత్రం. స్టోరేజ్ ఎవరినీ ఏమీ అడగడం లేదు.

మీరు వాడుతున్న పద్ధతిని ఆథ్‌సిస్ అంటారు. ప్రతి అభ్యర్థనతో పాటు యంత్రం ఒక యూఐడీ (వాడుకరి సంఖ్య), కొన్ని గ్రూపుల సంఖ్యలు పంపుతుంది. సర్వర్ వాటిని ఫైలు మీదున్న సంఖ్యలతో పోల్చి తలుపు తీస్తుంది. ఆ సంఖ్య పంపినవారు నిజంగా ఆ మనిషేనా అని చూడదు. (గ్రూపుల సంఖ్యలకు అందులో 16 గళ్లే ఉంటాయి. అంతకంటే ఎక్కువ గ్రూపుల్లో ఉన్నవారికి ‘అనుమతి లేదు’ అని వస్తుంటే కారణం తరచుగా అదే.)

నేను పనిచేసిన ఒకచోట దీన్ని నమ్మించడానికి పై అధికారుల ముందు చేసి చూపించాను. జీతాల ఫోల్డరు యజమాని యూఐడీ 1002. ఆపేసి ఉన్న ఒక యంత్రం ఐపీని నా ల్యాప్‌టాప్‌కు పెట్టుకున్నాను. ‘పరీక్ష’ అనే పేరుతో 1002 సంఖ్యగల వాడుకరిని సృష్టించాను. ఫోల్డరును ల్యాప్‌టాప్‌కు కలుపుకుంటే (మౌంట్ చేస్తే) ఫైళ్లన్నీ వరుసగా కనిపించాయి. రూట్‌స్క్వాష్ అనే రక్షణ పెట్టే ఉంది, కానీ అది యంత్రం సర్వాధికారి (రూట్) సంఖ్య అయిన సున్నాను మాత్రమే ఆపుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ తర్వాత చూసిన లాగు. అందులో ఆ ఫైళ్లు తెరిచినట్టు జీతాల విభాగం ఉద్యోగిని పేరే ఉంది. ఆ రోజు ఆవిడ సెలవులో ఉన్నారు.

అందుకే మారక తప్పదంటాను. కెర్బెరోస్ ఎంఐటీలో 1980లలో పుట్టింది. ఉద్యోగి తన గుర్తింపును కీ పంపిణీ కేంద్రం దగ్గర రుజువు చేసుకుని టికెట్ తీసుకుంటారు. ఆ టికెట్‌ను స్టోరేజ్ తన కీట్యాబ్ అనే ఫైలులోని రహస్య కీతో విప్పి చూస్తుంది. నకిలీ యూఐడీ పెట్టుకున్న ల్యాప్‌టాప్ దగ్గర ఆ టికెట్ ఉండదు.

ఇందులో మూడు స్థాయిలున్నాయి. కెఆర్‌బీ5 మనిషిని గుర్తిస్తుంది, కెఆర్‌బీ5ఐ దారిలో డేటా మారలేదని కూడా తేలుస్తుంది, కెఆర్‌బీ5పీ డేటాను గుప్తీకరిస్తుంది. జీతాలు, వ్యక్తిగత వివరాలకు కెఆర్‌బీ5పీ, మిగిలిన వాటికి కనీసం కెఆర్‌బీ5ఐ పెట్టండి. గుప్తీకరణతో ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది కాబట్టి ముందు ఒక ఫోల్డరు మీద కొలిచి చూసుకోండి.

మారేటప్పుడు ఇబ్బంది పెట్టేవి ముందే చెబుతాను. గడియారాల మధ్య తేడా మామూలుగా 5 నిమిషాలు దాటితే టికెట్ చెల్లదు, కాబట్టి స్టోరేజ్‌తో సహా అన్నీ ఒకే సమయ సర్వర్‌ను అనుసరించాలి. డీఎన్‌ఎస్‌లో (పేర్లను ఐపీలకు కలిపే వ్యవస్థ) పేర్లు సరిగా ఉండాలి. రాత్రిపూట తమంతట తాము నడిచే పనులకు పాస్‌వర్డ్ కొట్టే మనిషి ఉండరు, వాటికి విడిగా కీట్యాబ్ కావాలి. దీన్ని మరిచిపోయి, తెల్లారేసరికి బ్యాకప్ ఆగిపోయిందని కంగారుపడినవారిని చూశాను. అన్నిటికంటే ముఖ్యం: మార్పు సాఫీగా సాగాలని ఎక్స్‌పోర్ట్‌లో (స్టోరేజ్ ఫోల్డర్లను పంచే అమరికలో) పాత ‘సిస్’ను, అంటే ఆథ్‌సిస్‌ను, కూడా ఉంచుతారు. పని పూర్తయ్యాక దాన్ని తీసేయండి. అది అక్కడున్నంతకాలం నా ల్యాప్‌టాప్ దారి తెరిచే ఉంటుంది.

ప్రశ్న: విండోస్ ఫోల్డరును సర్వర్ పేరుతో తెరిస్తే లాగులో కెర్బెరోస్ అనీ, ఐపీతో తెరిస్తే ఎన్‌టీఎల్‌ఎం (విండోస్ పాత ధ్రువీకరణ పద్ధతి) అనీ కనిపిస్తోంది. ఎందుకు?

జవాబు: టికెట్ ఇచ్చేది ఒక సేవ పేరు మీద. ఐపీకి అలాంటి పేరు మామూలుగా నమోదై ఉండదు, అందుకే విండోస్ ఎన్‌టీఎల్‌ఎంకు దిగిపోతుంది. మధ్యలో చేరినవాడు మీ జవాబును మరో సర్వర్‌కు అందించి మీ పేరుతో లోపలికి వెళ్లే ప్రమాదం ఎన్‌టీఎల్‌ఎంలో ఉంది. మైక్రోసాఫ్ట్ కూడా 2024లో దాన్ని విరమించుకునే సౌకర్యాల జాబితాలో చేర్చింది. ఎస్‌ఎంబీ (విండోస్ ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) సంతకాలను తప్పనిసరి చేయండి. షార్ట్‌కట్లలో, స్కానర్లలో, పాత స్క్రిప్టుల్లో ఐపీ ఎక్కడెక్కడ రాసి ఉందో వెతికి పేరుతో మార్చండి. ఎన్‌టీఎల్‌ఎంను వెంటనే ఆపకుండా కొన్ని వారాలు లాగులో గమనించండి. నెలాఖరుకు ఒక్కసారే నడిచే పనులు బయటపడేది అప్పుడే.