పాఠం రికార్డయింది, గొంతు ఎక్కడ?

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత గణితోపాధ్యాయుడిని. పదో తరగతి పిల్లల కోసం ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద స్టైలస్‌తో లెక్కలు చేస్తూ, తెరను రికార్డు చేస్తున్నాను. మొన్న 45 నిమిషాల పాఠం చెప్పి తిరిగి చూసుకుంటే రాతంతా ఉంది గాని, నా మాట ఒక్కటీ లేదు. అదీగాక ఫైలు చాలా పెద్దదిగా ఉంది. పిల్లలకు ఎలా పంపాలి?

జవాబు: మాస్టారూ, మీ ట్యాబ్ పాడవలేదు. తెర మీది బొమ్మను, శబ్దాన్ని రికార్డరు వేర్వేరుగా తీసుకుంటుంది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి రికార్డరు ట్యాబ్‌లోనే ఉంటోంది. పై అంచు నుంచి రెండుసార్లు కిందికి లాగితే వచ్చే గడుల్లో స్క్రీన్ రికార్డు అనే గుర్తును నొక్కగానే, ఏ శబ్దం కావాలో అది అడుగుతుంది. ట్యాబ్ లోపల మోగే శబ్దం మాత్రమేనా, మైకు మాత్రమేనా, రెండూనా అన్నదే ఆ ప్రశ్న. ఇందులో మొదటిది ఎంచుకుంటే స్పీకరు నుంచి రావలసిన పాటలు, వీడియోల శబ్దం మాత్రమే రికార్డవుతుంది. ఎదురుగా కూర్చుని మీరు ఎంత గట్టిగా పాఠం చెప్పినా దానికి వినపడదు. మీ విషయంలో జరిగింది ఇదే అయి ఉండాలి, లేదా శబ్దం మీటను అసలు వేసి ఉండరు. మీకు కావలసింది మైకు. ఇకమీదట ప్రతి పాఠానికీ ముందు పది సెకన్లు రికార్డు చేసి, విని, ఆ తరువాతే మొదలుపెట్టండి.

మైకు ఎంచుకున్నంత మాత్రాన గొంతు బాగా వస్తుందనుకోకండి. ట్యాబ్ మైకు దాని అంచున ఒక చిన్న రంధ్రం వెనుక ఉంటుంది. ట్యాబ్‌ను అడ్డంగా పెట్టి రాస్తున్నప్పుడు అరచేయి సరిగ్గా ఆ రంధ్రాన్నే మూసేయవచ్చు. స్టైలస్ అద్దానికి తగిలే టకటక కూడా అదే ఒంటిలో ఉన్న మైకుకు మీ మాటకన్నా దగ్గరగా వినిపిస్తుంది. కాబట్టి మైకున్న తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకుని చెప్పడం మేలు. ఫ్యాను గాలి నేరుగా మైకుకు తగలకుండా చూసుకోవాలి. మన ఎండల్లో ఫ్యాను ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు గాని, కుర్చీని కాస్త పక్కకు జరుపుకోవచ్చు.

ఇక పరిమాణం. ఇది మీకు నచ్చే లెక్కే. రికార్డరు సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున రాస్తోందనుకుందాం. 8 బిట్లు ఒక బైటు కనుక సెకనుకు ఒక మెగాబైటు, నిమిషానికి 60, మీ 45 నిమిషాలకు 2,700 మెగాబైట్లు, అంటే 2.7 గిగాబైట్లు. తెల్లని తెర మీద నల్లని అంకెలకు ఇంత అవసరం లేదు. రికార్డరు సెట్టింగుల్లో నాణ్యతను (బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పే అంకెను) మార్చుకునే వీలుంటే 1080 నుంచి 720కి తగ్గించండి. అక్షరం కాస్త పెద్దదిగా రాస్తే పిల్లల ఫోన్లలో తేడా తెలియదు. అంతకన్నా ముఖ్యంగా, ఒక్కొక్క లెక్కను ఒక్కొక్క ఫైలుగా చేయండి. మధ్యలో తప్పు దొర్లితే ఆ ఒక్క ముక్కనే మళ్లీ చెప్పుకోవచ్చు.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది ఫైలును కుదించి రాతను మసక చేస్తుంది. డాక్యుమెంటుగా జతచేస్తే కుదింపు ఉండదు; దాని పరిమితి 2 గిగాబైట్లు. అయితే ప్రతి పిల్లవాడి ఫోనూ నింపడం కన్నా యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవారికే కనిపించేలా పెట్టి, ఆ లింకు పంపడం నయం. ఫోన్ నంబరుతో ధ్రువీకరించని ఖాతా నుంచి 15 నిమిషాలకు మించిన వీడియో ఎక్కదు కనుక, ఆ పని ముందే పూర్తి చేసుకోండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. మా అమ్మాయి విజయవాడలోని గురువుగారి దగ్గర జూమ్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. సాధన కోసం తరగతిని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో రికార్డు చేస్తే గురువుగారి గొంతు రావడం లేదు.

జవాబు: పాటలు, ఆటల శబ్దాన్ని రికార్డరుకు అందనిచ్చే ఆండ్రాయిడ్, కాల్‌లో అవతలివారి గొంతును మాత్రం అందనివ్వదు. అవతలి మనిషికి తెలియకుండా మాటలు రికార్డు కాకూడదన్నది ఇందులో ఉన్న మంచి. అందుచేత తెర రికార్డరుతో కుస్తీ పట్టకండి. గురువుగారు కంప్యూటరు నుంచి తరగతి నడుపుతుంటే జూమ్‌లోనే ఉన్న రికార్డు మీటను నొక్కవచ్చు. ఉచిత ఖాతాకు కూడా ఆ సౌకర్యం ఉంది, రికార్డవుతున్న సంగతి అందరికీ తెర మీద తెలుస్తుంది. ట్యాబ్ నుంచో ఫోన్ నుంచో అయితే డబ్బు కట్టిన ఖాతాలో క్లౌడ్ రికార్డింగే (వీడియోను జూమ్ వారి కంప్యూటర్లలోనే దాచడం) దారి. ఇవేవీ కుదరకపోతే, ఆ రోజు పాఠంలోని పల్లవిని, చరణాలను విడిగా పాడి పంపమని గురువుగారిని అడగండి. తడబడే నెట్టు మీద వినిపించిన గమకం కన్నా, ఫోన్‌లో నేరుగా పాడి పంపిన గమకమే పాపకు ఎక్కువ పనికివస్తుంది.

ప్రశ్న: ఐప్యాడ్‌లో సినిమా యాప్‌ను రికార్డు చేస్తే నల్లని తెర వస్తోంది. నా ఐప్యాడ్ చెడిపోయిందా?

జవాబు: లేదు. హక్కుల రక్షణ ఉన్న వీడియోను రికార్డరుకు అందనివ్వకుండా ఆ యాప్‌లే అడ్డుకుంటాయి; అందుకు దొడ్డిదారి ఈ శీర్షికలో చెప్పము. ఆండ్రాయిడ్‌లో చాలా బ్యాంకు యాప్‌లు కూడా ఇలాగే నల్లబడతాయి, అది మీ మేలుకే. కాని ఆ రక్షణ మీ మెసేజ్‌లకు ఉండకపోవచ్చు. రికార్డు నడుస్తుండగా ఓటీపీ వస్తే అది తెర పైభాగాన మెరిసి, వీడియోలో నిలిచిపోతుంది. రికార్డు మొదలుపెట్టే ముందు మెసేజ్‌లు తెర మీద మెరవకుండా ఆపే డూ నాట్ డిస్టర్బ్ వేసుకోండి, ఎవరికైనా పంపే ముందు వీడియోను ఒకసారి చివరిదాకా చూడండి.