టెక్ సందేహాలు: ప్రైవసీ కోడ్ తాళం కాదు

ప్రశ్న: మా కుటుంబమూ మా అన్నయ్య కుటుంబమూ కలిసి పదకొండు మందిమి రెండు కార్లలో తలకోనకు, మరో వారం కైగల్ జలపాతానికి వెళ్లాలనుకుంటున్నాము. మాలో నలుగురు పిల్లలు ఉన్నారు. నాలుగు వేల రూపాయల లోపు వాకీటాకీల జత కోసం వెతికితే, ఐదు వాట్ల శక్తి, పది కిలోమీటర్ల రేంజి, ప్రైవసీ కోడ్లు ఉన్నాయని చెప్పే సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో కనిపించింది. తీసుకోవచ్చా? – చిత్తూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ జత తీసుకోకండి. సెలవులు దగ్గర పడినప్పుడల్లా ఇదే ప్రశ్న వస్తుంది, దాదాపు ప్రతిసారీ అడిగినవారు చూపించే సెట్ కూడా ఇలాంటిదే. అందుకే ఈసారి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో సాధారణ కుటుంబం లైసెన్సు లేకుండా వాడుకోదగిన వాకీటాకీలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేవి. 2018లో వచ్చిన నిబంధనలు తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు ఈ చిన్న పట్టీలో లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చాయి. లైసెన్సు అక్కర్లేదంటే ఏ అనుమతీ అక్కర్లేదని అర్థం కాదు. ఆ మోడల్‌కు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే పరికర ఆమోదం, అంటే ఈటీఏ, ఉండి తీరాలి. మీరు చూసిన ఐదు వాట్ల రకం సెట్లలో చాలావాటిని 136 నుంచి 174 వరకూ, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ వరకూ ఎక్కడికైనా తిప్పుకోవచ్చు. పోలీసులకు, అటవీశాఖకు, ఇతర అత్యవసర సేవలకు కేటాయించిన తరంగాలు ఈ పరిధుల్లో ఉంటాయి. వెనుక సీట్లో కూర్చున్న పిల్లవాడు ఆడుకుంటూ మీటలు నొక్కితే, అడవిలో మంటలను ఆర్పుతున్న సిబ్బంది మాటల మీద మీ పిల్లవాడి పాట పడవచ్చు. ఇలాంటి సెట్‌ను అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడాన్ని కూడా 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం నేరంగానే చూసింది. అయినా ఇవి బొమ్మల పక్కన, టార్చిలైట్ల పక్కన అమ్ముడవుతూ వచ్చాయి. ఫ్రీక్వెన్సీ వివరాలు, ఈటీఏ లేకుండా వాకీటాకీలను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు జారీ చేయవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంత దూరం వెళ్లిందో ఊహించుకోవచ్చు. కాబట్టి అమ్మకపు పేజీలో 446 అనే అంకె, ఈటీఏ వివరం రెండూ కనబడకపోతే ఆ పేజీ మూసివేయండి.

తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇంకొక మార్గంలో ఈ చిక్కు ఇంటికి వస్తోంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చే అబ్బాయి అక్కడి దుకాణంలో చవకగా దొరికిందని మంచి వాకీటాకీల జత తెస్తాడు. అక్కడ కుటుంబాలకు అనుమతించిన తరంగాలు 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. ఇక్కడ ఆ తరంగాలకు ఆ మినహాయింపు లేదు. ప్రేమగా తెచ్చిన వస్తువే అయినా దాన్ని పెట్టెలోనే ఉంచి, తిరిగి వెళ్లేటప్పుడు ఇచ్చి పంపడం మేలు.

ఇక పది కిలోమీటర్ల సంగతి. 446 రకం సెట్ల శక్తి అర వాటు. రెండు కొండ శిఖరాల మీద ఎదురెదురుగా నిలబడితే ఆ శక్తితోనే మాట చాలా దూరం పోతుంది, అట్ట పెట్టె మీద వేసే అంకె అలాంటి చోటిది. మనం వెళ్లేది లోయలోకి. ఈ తరంగాలు చూపు పోయినంత మేర బాగా పోతాయి, బండ అడ్డమైతే ఆగిపోతాయి, నీరు నిండిన పచ్చని ఆకుల గుబురులో నీరసిస్తాయి. క్రిందటి వానాకాలం తరువాత మా అక్క కూతురిని తలకోన సిద్ధేశ్వరస్వామి ఆలయం దగ్గర ఒక సెట్‌తో నిలబెట్టి, రెండవది పట్టుకుని నేను జలపాతం వైపు నడిచాను. తిన్నని దారిలో ఆమె మాట పక్కన నిలబడి మాట్లాడినట్టే వినిపించింది. దారి ఒక పెద్ద బండను చుట్టి మలుపు తిరగగానే గొంతు ముక్కలైంది. మరి కొన్ని అడుగులు వేసేసరికి గరగర తప్ప ఏమీ లేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, సెట్‌ను నిలువుగా భుజం ఎత్తుకు లేపితే మళ్లీ వినిపించింది. జలపాతం కిందికి చేరాక తరంగం అందినా ప్రయోజనం లేకపోయింది, 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీటి హోరులో ఆ చిన్న స్పీకర్ మాట నాకే వినబడలేదు. అడవిలో కొన్ని వందల మీటర్లు అందితే చాలని లెక్క వేసుకుని కొనండి. బయలు పొలాల్లో దానికి ఎన్నో రెట్లు అందితే సంతోషించండి. శక్తి పెంచితే ఈ కష్టం తీరుతుందని అమ్మేవారు చెబుతారు, కానీ కొండ అడ్డం ఉన్నప్పుడు ఐదు వాట్లకూ అర వాటుకూ మీరు ఆశించినంత తేడా ఉండదు.

కొనేటప్పుడు నేను చూసేవి కొన్నే. సెట్ మీద ఐపీ67 అని ఉంటే నీళ్లలో పడినా బతుకుతుంది, ఐపీ54 అయితే చినుకులకు మాత్రమే తట్టుకుంటుంది. లోపల బిగించిన బ్యాటరీ కంటే టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్స్‌తో కూడా నడిచే రకం నాకు ఇష్టం, ఎందుకంటే ఆ సెల్స్ భాకరాపేటలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి, అడవి దారిలో చార్జింగ్ మాత్రం దొరకదు. మీటలను లాక్ చేసే వీలు తప్పనిసరిగా ఉండాలి. పదకొండు మందికి రెండు సెట్లు చాలవు, మూడు కావాలి: ముందు నడిచేవారికి ఒకటి, వెనుక వచ్చేవారికి ఒకటి, కార్ల దగ్గర కూర్చునే పెద్దవారికి ఒకటి. ఆ డబ్బుకు ఒక జతే వస్తే ముందు, వెనుక నడిచేవారికి ఇచ్చి పెద్దవారిని కూడా మీ వెంటనే ఉంచుకోండి.

ప్రశ్న: మేము కొన్న రెండు సెట్లూ ఒకే చానల్‌లో ఉన్నాయి. అయినా పిల్లవాడు మాట్లాడితే నాకు వినబడదు, నేను మాట్లాడితే వాడికి వినబడదు. సెట్ చెడిపోయిందా? – పుత్తూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చెడిపోలేదమ్మా. ఒక సెట్‌లో కోడ్ మారింది. తెర మీద చానల్ అంకె పక్కన ఇంకొక చిన్న అంకె కనిపిస్తుంది, అది రెండింటిలోనూ ఒకటే కావాలి. పిల్లవాడి జేబులో మీట నొక్కుకుపోయి అది మారిపోతుంది. రెండింటినీ సున్నాకు తెచ్చి, మీటలు లాక్ చేస్తే సరిపోతుంది.

కానీ నన్ను ఎంతో కాలంగా కలవరపెడుతున్న విషయం ఈ చిన్న అంకెలోనే ఉంది. దీనికి తయారీదారులు పెట్టిన పేరు ప్రైవసీ కోడ్. ఆ పేరు అబద్ధం, అది ప్రమాదకరమైన అబద్ధం కూడా. మీరు కోడ్ పెట్టినప్పుడు సెట్ మీ మాటతోపాటు చెవికి దాదాపు అందని సన్నని ధ్వనిని కలిపి పంపుతుంది. ఇలాంటి ధ్వనులు 67 నుంచి 250 హెర్ట్జ్ వరకూ ఉంటాయి, సామాన్యంగా 38 రకాలు ఇస్తారు. అవతలి సెట్ ఆ ధ్వని వినిపిస్తేనే స్పీకర్ తెరుస్తుంది, లేకపోతే మూసి ఉంచుతుంది. అంతకు మించి ఏమీ జరగదు. మీ మాటకు తాళం పడదు, అది మునుపటిలాగే నలుదిక్కులకూ పోతుంది. మీరు చెవుల్లో దూది పెట్టుకుంటే ఊరి మాటలు మీకు వినబడవు, అంతమాత్రాన మీ మాటలు ఊరికి వినబడకుండా పోతాయా? కోడ్‌ను సున్నాలో ఉంచిన ఏ సెట్‌కైనా ఆ చానల్‌లో అందరి మాటలూ వినిపిస్తాయి.

ఇది పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. ఒక సెలవురోజు ఉదయం తిరుపతిలో మా మేడ మీద కొత్త సెట్‌ను పరీక్షిస్తూ కోడ్ సున్నాలో పెట్టి చానళ్లు ఒక్కొక్కటే మారుస్తున్నాను. ఒక చానల్‌లో ఒక తల్లి గొంతు స్పష్టంగా వినిపించింది. దర్శనానికి వచ్చి ఏదో లాడ్జిలో దిగిన కుటుంబమని మాటలను బట్టి తెలిసింది. ఆమె కూతురిని పేరు పెట్టి పిలిచి, గది అంకె చెప్పి, "తలుపు గడియ పెట్టుకోలేదు కదా, తమ్ముడిని చూసుకో, మేము కింద టిఫిన్ తిని పది నిమిషాల్లో వస్తాము" అన్నది. పిల్ల పేరు, గది అంకె, పెద్దవారు లేరన్న సంగతి, గడియ లేదన్న సంగతి, ఎంతసేపు లేరన్న సంగతి అన్నీ ముక్కూ ముఖం తెలియని నాకు అర నిమిషంలో అందాయి. నేను వెంటనే మీట నొక్కి, "అమ్మా, మీ మాటలు బయట అందరికీ వినిపిస్తున్నాయి, గది అంకెలు చెప్పకండి" అన్నాను. జవాబు రాలేదు. వారి సెట్‌లో కోడ్ ఉండి ఉంటుంది, అందువల్ల నా హెచ్చరికకు వారి స్పీకర్ తెరుచుకోలేదు. ఆమె ప్రైవసీ అనుకుని పెట్టుకున్నది ఆమెను కాపాడవలసిన మాటనే ఆపింది.

దీనికి రెండవ వైపు ఇంకా భయంకరమైనది. కోడ్ కనిపెట్టడం కష్టం కాదు, కొన్ని సెట్లు తమంతట తామే వెతికి చూపిస్తాయి. కోడ్ తెలిసినవాడు మీ పిల్లవాడితో మాట్లాడగలడు. ఆ సెట్‌లో అమ్మానాన్నల గొంతు తప్ప మరొకటి రాదని పిల్లవాడు నమ్ముతాడు. "నాన్న పంపించాడు, గేటు దగ్గరకు రా" అన్న మాట ఆ సెట్‌లో వినిపిస్తే ఐదేళ్ల పిల్ల అనుమానించదు. అందుకే సెట్ ఇచ్చే ముందు ఇంట్లోనే ఒక మాట అనుకోండి, అమ్మమ్మ ఇంట్లోని ఆవు పేరో మరొకటో. ఎవరు రమ్మన్నా పిల్లలు ఎదుటివారిని ఆ మాట అడగాలి. ఆ మాటను సెట్‌లో ఒకసారి పలికితే అది పాతబడిపోయినట్టే, మరుసటి రోజుకు వేరే మాట కావాలి. పిల్లల అసలు పేర్లు, గది అంకెలు, ఒంటరిగా ఉన్నామన్న మాట ఎప్పుడూ గాలిలోకి వదలకండి. గొంతు వినగానే దానంతటదే ప్రసారం మొదలుపెట్టే వాక్స్ అనే సదుపాయాన్ని ఆపి ఉంచండి, అది ఆన్‌లో ఉంటే కారులో మీరు మాట్లాడుకునే ఇంటి సంగతులన్నీ బయటకు పోతాయి.

ఈ పేరును పెట్టెల మీద నుంచి తీసివేయించాలని నా కోరిక. వడపోత కోడ్ అనో, ధ్వని కోడ్ అనో రాస్తే ఎవరికీ నష్టం లేదు.

ఇదే సందర్భంలో ఇంకొకటి చెప్పాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తరువాత, నడిచి కొండెక్కేటప్పుడు పిల్లలకు వాకీటాకీ ఇస్తే క్షేమమేనా అని అడిగేవారు ఎక్కువయ్యారు. క్షేమం కాదని నా గట్టి అభిప్రాయం. 3,550 మెట్ల ఆ దారిలో పిల్లల చెయ్యి పట్టుకుని నడవాలి. సెట్ చేతిలో ఉందన్న ధైర్యంతో పెద్దవారు చెయ్యి వదులుతారు, పిల్లలు పది మెట్లు ముందుకు పరుగెడతారు. ఆపద ముంచుకొచ్చిన క్షణంలో ఏ పిల్లవాడూ మీట వెతికి నొక్కడు.

ప్రశ్న: వాకీటాకీ కొనడమెందుకు, ఫోన్‌లో వాకీటాకీ యాప్ వేసుకుంటే చాలదా? – తిరుపతి నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఆ యాప్‌లలో ఎక్కువ భాగం ఇంటర్నెట్ మీద నడుస్తాయి. సిగ్నల్ ఉన్నచోట మామూలు ఫోన్ కాల్ చాలు, సిగ్నల్ లేనిచోట ఆ యాప్ పనిచేయదు. బ్లూటూత్ మీద నడిచేవి కొన్ని ఉన్నా వాటి మాట కూతవేటు దూరం కూడా పోదు. పైగా మాట్లాడటానికి మైకు చాలు, కాంటాక్టులూ లొకేషనూ ఎప్పుడూ కావాలని పట్టుబట్టే యాప్‌ను నేనైతే వేసుకోను.

చిత్తూరు పాఠకునికి చివరిగా ఒక మాట. బయలుదేరే ముందు సాయంత్రం పిల్లలందరితో మీ వీధిలోనే ఒకసారి మాట్లాడించండి. మీట నొక్కి ఒక క్షణం ఆగి మాట మొదలుపెట్టాలి, మాట పూర్తయ్యాక ఒక క్షణం ఆగి మీట వదలాలి. మన భాషలో వద్దు అన్నది వాక్యం చివర వస్తుంది కనుక ఇది మనకు మరీ ముఖ్యం. "నీళ్లలోకి దిగవద్దు" అంటూ తొందరపడి మీట వదిలితే అవతలివారికి "నీళ్లలోకి దిగ" అన్నంతే అందుతుంది. అందుకని కాదనే మాటను ముందే అనడం నేర్పండి: "వద్దు, నీళ్లలోకి దిగవద్దు." కైగల్ వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు తిరుగుతాయి, అక్కడ మీట నొక్కినప్పుడల్లా మోగే బీప్‌ను ఆపి, స్పీకర్ తగ్గించి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. వాకీటాకీ 112కు గానీ 108కి గానీ కలవదు, కాబట్టి ఎటు వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో అటవీశాఖ చెక్‌పోస్టులో చెప్పి లోపలికి వెళ్లండి. పది నిమిషాల పాటు ఒకరి మాట ఒకరికి అందకపోతే ముందున్నవారు ఆగి, చివరిసారి మాట కలిసిన చోటికి వెనక్కి నడిచి రావాలని అందరూ ముందే ఒప్పుకోండి.