కథ చెప్పమంటే చెప్పరు, కాగితాలు తీయమనండి

"వేర్వేరు భాషల, సంస్కృతుల కుర్రకారు ఒకచోట కూర్చుని తమ జీవిత కథలు చెప్పుకుంటే నిజంగా ఒకళ్లనొకళ్లు అర్థం చేసుకుంటారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి" అని అడిగారు. ఉంది, చెబుతాను. మీరు ఆశించిన జవాబు ఇది కాకపోవచ్చు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే ఆంధ్రా పాతపట్నం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో సవర గిరిజనుల భాష కూడా వినబడుతుంది. నాకు జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపుంది. ఇక్కడి కుర్రాళ్ల బతుకులు నాకు తెలిసినంతగా వాళ్ల లెక్చరర్లకు తెలియవని గట్టిగా చెప్పగలను. లెక్చరరు మార్కులు చూస్తాడు. నేను తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఆదాయం, శాశ్వత చిరునామా అన్నీ చూస్తాను.

ముందు మీరనే రకం కార్యక్రమం సంగతి. ఆ మధ్య ఒక సంస్థవాళ్లు మా ఊళ్లోనే పెట్టారు. ఫ్లెక్సీ చేసింది నేనే కాబట్టి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. సవర కుర్రాడిని డప్పు తెచ్చుకోమన్నారు. వాడు చదివేది బీకాం, డప్పు వాయించడం రాదు. పక్క ఊళ్లో ఎవరినో అడిగి తెచ్చుకున్నాడు. మా జిల్లాలోనే చంద్రగిరిలో ఉన్న టిబెట్ శరణార్థుల సెటిల్‌మెంట్ నుంచి వచ్చిన పిల్లని వాళ్ల చుబా, అంటే పొడుగు అంగీ, వేసుకు రమ్మన్నారు, అదీ మే నెలలో. ఒక్కొక్కరూ మైకు ముందుకొచ్చి, మా సంస్కృతి చాలా గొప్పది, మేం ప్రకృతిని పూజిస్తాం, అతిథుల్ని గౌరవిస్తాం అన్నారు. తెలుగువాళ్ల తరఫున నిలబెట్టిన పిల్లా అదే అంది, పైన ఓ ముగ్గు, ఓ గొబ్బెమ్మ. ఒక్కరి కథా బయటికి రాలేదు. ఇరవై ఏళ్ల పిల్లని జాతి మొత్తానికి ప్రతినిధిని చేసి నిలబెడితే ఇంకేం చెబుతుంది? చివర్లో అందరికీ సర్టిఫికెట్లు పంచారు. సగంమంది పేర్లు తప్పులు. మర్నాడు అవి పట్టుకుని నా షాపుకే వచ్చారు, "భాయినా, స్పెల్లింగ్ సరిచేసి లామినేషన్ చేయవా" అంటూ.

ఇప్పుడు అసలు సంగతి. స్కాలర్‌షిప్‌కి ఆఖరి రోజు. సాయంత్రం నుంచి వాన, సర్వర్ లేదు. మిగతావాళ్లు విసుగెత్తి వెళ్లిపోగా నలుగురు మిగిలారు. ఒడిశాలోనే మల్కన్‌గిరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న బెంగాలీ కుర్రాడు. గుమ్మా కొండల సవర కుర్రాడు, ఆ డప్పు కుర్రాడే. మా జిల్లాలోనే కాశీనగరం తెలుగు పిల్ల. ఇక పోతే ఆ టిబెట్ పిల్ల. ఆమెకి స్కాలర్‌షిప్ గొడవ లేదు, పాస్‌పోర్టు కోసం ఏవో స్కాన్ చేయించుకోవడానికొచ్చి వానకి ఆగిపోయింది. నలుగురూ నాలుగు ప్లాస్టిక్ కుర్చీల్లో ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. ఎదురు బండి నుంచి బరా, గుగ్ని (గారెలు, బఠాణీ కూర) తెప్పించాను.

బెంగాలీ కుర్రాడి ఫారంలో ఊరి పేరు దగ్గర ఆగింది. వాడి ఊరికి పేరు లేదు, నంబరే. ఎం.వి. అని రాసి పక్కన అంకె. మల్కన్‌గిరి విలేజ్ ఫలానా నంబరు అన్నమాట. దండకారణ్య ప్రాజెక్టు 1958లో మొదలయ్యాక తూర్పు బెంగాల్ శరణార్థులకి అక్కడ అడవి కొట్టించి కట్టించిన ఊళ్లవి. ఫారంలో ఆ గడి అంకెలు తీసుకోవడం లేదు. "మీ ఊరికి పేరెట్టడానికి అరవై ఏళ్లు చాల్లేదేట్రా" అన్నాను. వాడు నవ్వాడు గానీ, మూల కూర్చున్న టిబెట్ పిల్ల తలెత్తింది. "మాది కూడా క్యాంపు నంబరే" అంది.

అక్కడ మొదలైంది.

వాడి తాతది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా. 1964 అల్లర్లప్పుడు వచ్చాడు. రాయ్‌పూర్ దగ్గర మానా క్యాంపులో కొన్నాళ్లుంచి, తర్వాత లారీల్లో మల్కన్‌గిరి పంపారు. తాత చచ్చిపోయేదాకా చేపల కూర తిన్నప్పుడల్లా ఇవి చేపలేనా అని తిట్టేవాడట. ఆ పిల్ల వాళ్ల అమ్మమ్మ 1959 తర్వాత హిమాలయాలు దాటి వచ్చింది. మంచులో పుట్టి పెరిగిన మనుషుల్ని 1963లో తెచ్చి చంద్రగిరి చుట్టుపక్కల కొండల్లో పెట్టారు. మొదట్లో వేడికి, జ్వరాలకి అల్లాడిపోయారట. తర్వాత మొక్కజొన్న పట్టుబడింది. "మా అమ్మ ఇక్కడే పుట్టింది, నేనూ ఇక్కడే పుట్టాను" అంటూ ఆ పిల్ల ఆర్.సి. తీసి కౌంటర్ మీద పెట్టింది. విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించారు. పొడిగింపు ముద్ర మీద ముద్ర. ఫొటోలో ఇంకా బడికెళ్లే పిల్లలాగే ఉంది.

చట్టం నాకు కొంచెం తెలుసు, ఫారాలు నింపీ నింపీ పట్టుబడింది. 1987 జులై 1 కంటే ముందు మన దేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత 2004 డిసెంబరు 3 లోపు పుట్టినవాళ్లకి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలు. ఈ లెక్కన వాళ్లమ్మ పౌరురాలు, ఈ పిల్లా పౌరురాలే. "మరింకేటమ్మా, పెట్టెయ్" అన్నాను. పెట్టొచ్చు, కానీ 2017లో షరతులు పెట్టారంది. పాస్‌పోర్టు కావాలంటే ఆర్.సి. రద్దు చేయించుకోవాలి, సెటిల్‌మెంట్‌లో ఉండకూడదు, అక్కడి సాయాలేవీ పొందడం లేదని రాసివ్వాలి అన్నవి అప్పటి షరతులు. అమ్మమ్మ ఆ ఇంట్లోనే ఉంది. అందుకే కాగితాలన్నీ స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటోంది, ఇంకా ఏం తేల్చుకోలేదు.

అప్పటిదాకా మాట్లాడని కాశీనగరం పిల్ల తన ఫైలు తీసింది. నివాస ధ్రువపత్రానికి పాత భూమి కాగితం తెమ్మన్నారట. ముత్తాత పేర ఉన్న దస్తావేజు నకలు తెచ్చుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా అని ఉంది, అదీ తెలుగులో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది, వీళ్ల ఇల్లు ఇటు పడింది. "మేం ఎక్కడికీ కదల్లేదు మావయ్యా. అయినా ప్రతిసారీ ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు అంటారు" అంది. పోనీ ఆంధ్రాలో చదువుదామంటే అక్కడ నాన్‌లోకల్. రాజ్యాంగం 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం లోకల్ కావాలంటే మామూలుగా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. వాళ్ల అమ్మమ్మగారి ఊరు పాతపట్నం పక్కనే, పెళ్లిళ్లన్నీ అటే. సీటు దగ్గరికొచ్చేసరికి పరాయి పిల్ల.

సవర కుర్రాడు అంతా విని చాలాసేపు గుగ్ని గిన్నె వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "మాకు అసలు కాగితమే లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద నాన్న పట్టాకి పెట్టుకున్నాడు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి ఆ కొండ మీద సాగు చేస్తున్నామని చూపించాలట. మా తాతల సమాధి రాళ్లు అక్కడే ఉన్నాయి, వాటిని జిరాక్స్ తీయలేం కదా." ఇంట్లో ఉన్న నాలుగు కాగితాలూ 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పోయాయి. ఆ రాత్రి కొండచరియలు విరిగిపడి గజపతి జిల్లాలో ఎంతమంది పోయారో మీకు గుర్తుండే ఉంటుంది. పుట్టిన తేదీ బళ్లో వేసేటప్పుడు హెడ్మాస్టరు రాసింది. వాళ్లమ్మనడిగితే చింతపండు రాల్చే రోజుల్లో పుట్టావంటుంది, సర్టిఫికెట్‌లో జూన్ ఉంది.

తిత్లీ పేరెత్తగానే కాశీనగరం పిల్ల అందుకుంది. వంశధార పొంగినప్పుడు వాళ్ల ఇంట్లో మోకాలి పైదాకా నీళ్లట, వాళ్లన్న మార్కుల లిస్టులు దూలం మీద పెట్టి కాపాడారట. ఇద్దరూ ఆ రాత్రి గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారో! వాడు పైన కొండ మీద, ఈమె కింద ఏటి గట్టున. వాళ్ల మీద కురిసిన వానే ఈమె ఇంట్లోకొచ్చింది. ఒకే కాలేజీలో రెండేళ్లుగా చదువుతున్నారు, అంతకుముందు పలకరింపు కూడా లేదు.

అంతా ఏడుపే అనుకోకండి. టిబెట్ పిల్ల మాకు కడుపుబ్బ నవ్వు తెప్పించింది. చలికాలం వచ్చిందంటే వాళ్ల కుటుంబాలు లూధియానా నుంచి సరుకు తెచ్చుకుని స్వెట్టర్లు అమ్మడానికి ఊళ్ల మీద పడతాయి. ఈ పిల్లకి చిన్నప్పటి నుంచీ నవంబరు, డిసెంబరు అంటే విశాఖపట్నం ఫుట్‌పాతే. అక్కడ నేర్చుకున్న తెలుగంతా బేరాల తెలుగు. లేచి నిలబడి, నడుం మీద చెయ్యేసి, "ఇదే స్వెట్టరు అటేపు మూడొందలకిస్తన్నారు, నువ్వేటి అయిదొందలంటన్నావు? లాస్టు రేటు చెప్పు!" అని మన ఆడవాళ్లని దించేసింది. కాశీనగరం పిల్ల మొహం దాచుకుంది. "అచ్చం మా అమ్మే" అంది. అందరూ నేపాలీ అని పిలుస్తారట. మొదట్లో కాదని చెప్పేదట. ఇప్పుడు బేరం పోతుందని పలికేస్తుందట.

ఇదంతా ఏ భాషలో జరిగిందంటే చెప్పలేను. ఒడియా, హిందీ, మధ్యలో తెలుగు. ఎవరి ఒడియా వాళ్లదే, ఎవరూ ఎవర్నీ దిద్దలేదు.

నా అభిప్రాయం ఇది, ఒప్పుకోకపోతే మీ ఇష్టం. కుర్రాళ్లని నీ సంస్కృతి గురించి చెప్పు అని అడగకూడదు. "ఎప్పటి నుంచి ఉంటున్నారు, రుజువేంటి" అన్న ప్రశ్న ఆ నలుగురినీ ఆఫీసులు చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాయి. దానికి ఎవరి జవాబు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. కోపం ఉంది, నవ్వు ఉంది, తాత ఉన్నాడు, అమ్మమ్మ ఉంది. ఆ ఒక్క చోట నలుగురూ ఒకే వరసలో నిలబడ్డారు. పండగలు, బట్టలు, పాటలు అంటే ఎవరి స్టాలు వాళ్లది. కొరాపుట్ వైపు కొటియా కుర్రాణ్ణి ఎవర్నైనా పట్టుకుని అడగండి. అక్కడ 21 ఊళ్ల కోసం ఒడిశా, ఆంధ్రా రెండూ కొట్టుకుంటున్నాయి, జనం దగ్గర రెండు ప్రభుత్వాల రేషన్ కార్డులూ ఉన్నాయి. కాగితం లేనివాడి కథకీ రెండున్నవాడి కథకీ ఎంత తేడా ఉంటుందో చూడండి.

ఇక్కడ మనవాళ్లనీ ఒక మాట అనాలి. ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండేసి తెలుగు భాష అంటూ గంటలకొద్దీ మాట్లాడతాం. ఆయన ఈ పర్లాకిమిడిలోనే పంతులు. ఓ సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, సవరలకి బళ్లు పెట్టారు, 1931లో సవర వ్యాకరణం తెచ్చారు. మనం మాత్రం సవర కుర్రాడు షాపులోకొస్తే ఏకవచనంలో "ఏటి కావాల్రా" అంటాం, పక్కనున్న కుర్చీ చూపించం. మా వీధిలో ఇప్పటికీ అంతే. వాళ్ల కథలు వినాలని సభలు పెట్టేవాళ్లలో సగంమంది ఈ వీధివాళ్లే. మన తెలుగు మీడియం బడులు ఒక్కొక్కటే చిక్కిపోతున్నాయని గోలపెడతాం, అదీ నిజమే, నేనూ పెడతాను. కానీ ఆ గోల వినే ఓపిక అవతలివాడికి ఉండాలంటే వాడి గోడు మనమూ కాసేపు వినాలి కదా.

తర్వాత వాళ్లు ప్రాణ స్నేహితులైపోయారా అంటే, లేదు. బెంగాలీ కుర్రాడు చదువు అయ్యాక వెళ్లిపోయాడు. సవర కుర్రాడు కేరళలో పనికెళ్లాడు, ఇక్కడి కొండల కుర్రాళ్లు చాలామంది అటే పోతున్నారు. ఆడపిల్లలిద్దరూ మాట్లాడుకుంటారు. మొన్న చలికాలం కాశీనగరం పిల్లా వాళ్లమ్మా విశాఖపట్నం వెళ్లి ఆ స్టాల్లోనే కొన్నారట, వాళ్లమ్మ అక్కడా బేరమాడిందట.

ఆ రాత్రి సర్వర్ పదకొండు దాటాక వచ్చింది. ముగ్గురి ఫారాలూ వెళ్లాయి. కాశీనగరం పిల్లది మాత్రం తర్వాత తిరిగొచ్చింది. మనకి ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకి వెనక. బళ్లో ఎవరో గుమాస్తా తిప్పి రాశాడు, మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా పడింది. మీ ప్రశ్నకి సంబంధం లేదనుకోండి, అయినా సరిహద్దు జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే చెబుతున్నాను: ముందు మెట్రిక్ సర్టిఫికెట్‌లో పేరెలా ఉందో చూసుకుని, ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్పించుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. పేరు ఒకసారి ఇప్పటికే మార్చుకుని ఉంటే, రెండోసారి వెళ్లేముందు స్పెల్లింగ్ కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.