ఆఫీసు మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ డబ్బా పెట్టొచ్చా?

లంచ్ డబ్బా ప్లాస్టిక్‌దే, దాంతోనే రోజూ ఆఫీసులో వేడి చేసుకుంటున్నాను, ప్రమాదమా అని అడిగారు. మానేయండి. డెస్కులో ఒక పింగాణీ గిన్నె పెట్టుకుని అందులోకి మార్చుకోండి.

డబ్బా అడుగున త్రికోణంలో 5 అని ఉంటే అది పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్, వేడికి తట్టుకుంటుంది అని చెప్పేవాళ్లు మా ఆఫీసులోనూ ఉన్నారు. తట్టుకుంటుంది, కాదనను. డబ్బా కరగకపోతే చాలా? కూరలోకి ఏం దిగుతోందో చూడొద్దా? అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్లు పసిపిల్లల ఆహారం డబ్బాలను మైక్రోవేవ్‌లో 3 నిమిషాలు వేడి చేసి, 2023లో ఫలితాలు చెప్పారు. కొన్నిట్లో ఒక్క చదరపు సెంటీమీటరు నుంచే 40 లక్షలకు పైగా మైక్రోప్లాస్టిక్ రేణువులు రాలాయి. వాళ్లు పరీక్షించిన వాటిలో ఈ పాలీప్రొపిలీన్ డబ్బాలూ ఉన్నాయి. ఆ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయో పూర్తిగా తేలలేదంటారు. తేలేదాకా మనం తింటూ కూర్చోవాలా?

మా టీంలో ఒకాయన హోటల్ పార్శిల్ డబ్బాలో గుత్తివంకాయ కూర పెట్టి, మూత కూడా తీయకుండా తిప్పాడు. బయటికి తీస్తే నూనె తేలిన చోట లోపలి గోడ చుట్టూ తెల్లగా బొబ్బలెక్కింది. పక్కనే పెట్టిన అన్నం డబ్బాకి ఏమీ కాలేదు. అన్నంలో తడి ఉంటుంది కాబట్టి వేడి 100 డిగ్రీల దగ్గర ఆగుతుంది, నూనె అక్కడ ఆగదు. నేను చూపిస్తే ఆయన బొబ్బని గోటితో గీరి, "ఏం కాదు బాసూ, మైక్రోవేవ్ సేఫ్ అని రాసుంది" అంటూ అన్నంలో కలుపుకున్నాడు. 'బీపీఏ ఫ్రీ' అని చూసి మురిసిపోయేవాళ్లదీ ఇదే వరస. ప్లాస్టిక్ తయారీలో వాడే బీపీఏ అనే ఆ ఒక్క రసాయనం లేదని మాత్రమే దానర్థం.

అసలు నా కోపం మైక్రోవేవ్ మీద కూడా కాదు, కర్రీ పాయింట్ల మీద. సలసల కాగే సాంబారుని ఉల్లిపొర లాంటి కవర్లో పోసి, రబ్బరు బ్యాండు బిగించి చేతిలో పెడతారు. ఇంటికొచ్చేదాకా అది అందులోనే మగ్గుతుంది. స్టీలు గిన్నె తీసుకెళ్తే "కవరైతే కొలత తెలుస్తుందండీ" అని విసుక్కుంటారు. గరిటెకి కొలత ఉండదా? వీధిలో నలుగురు గిన్నెలు పట్టుకెళ్లడం మొదలుపెడితే వాళ్లే దారికొస్తారు.