మెడూసా ముఖం గళ్ల కాగితంలా ఎందుకు వచ్చింది?

ప్రశ్న: 60 సెం.మీ. చదరపు పలక మీద మెడూసా (జుట్టు బదులు పాములుండే గ్రీకు పురాణ స్త్రీ) తలను మొజాయిక్‌గా, అంటే రాతి ముక్కలు పేర్చి, చేశాను. అన్నీ సెంటీమీటరు పాలరాతి ముక్కలే. ముఖం గళ్ల కాగితంలా ఉంది, చూపులో జీవం లేదు. నల్ల గ్రౌట్ (ముక్కల సందులు నింపే ముద్ద) పూశాక తెల్లరాయి కూడా మసకబారింది. లోపం ఎక్కడుంది?

జవాబు: ముక్కల సైజులోనూ, వాటిని పేర్చిన తీరులోనూ ఉంది. ముఖం 25 సెం.మీ. వెడల్పు అనుకుంటే ఒక్కో కన్ను అందులో అయిదో వంతు, అంటే 5 సెం.మీ. అక్కడ మీ ముక్కలు అయిదే పడతాయి. రెప్ప, తెల్లగుడ్డు, కనుపాప అన్నీ వాటిలోనే ఎలా ఇముడుతాయి? ముఖానికి 4-5 మి.మీ. ముక్కలు కొట్టుకోండి, సెంటీమీటరువి నేపథ్యానికి ఉంచండి.

ముందు కళ్లు పూర్తి చేయండి. నల్లరాతి ముక్క అంచులు కొద్దికొద్దిగా చెక్కి గుండ్రంగా చేసి కనుపాపగా పెట్టండి. దాని పై అంచు రెప్ప కిందికి కొద్దిగా దూరాలి. చుట్టూ తెలుపు కనిపిస్తే కోపపు చూపు పోయి బెదురు చూపు వస్తుంది. పై రెప్పకు ముదురు గోధుమరంగు వరుస ఒకటి చాలు.

వరుసలు కండరం వెంట సాగాలి: ముక్కు మీద నిలువుగా, చెంప మీద వంపుగా, నోటి చుట్టూ వలయంగా. ఒక్కో పాముకు తల నుంచి తోక దాకా తెగని రెండు మూడు వరుసలు వేసి, నీడవైపు వరుసను ముదురు రాయితో నింపండి. నేపథ్యంలో మొదటి వరుస బొమ్మ అంచును అంటిపెట్టుకుని నడవాలి, ఆ తర్వాతే తిన్నని వరుసలు. ప్రాచీనులు చేసిందీ ఇదే. దీన్ని వదిలేస్తే బొమ్మ కత్తిరించి అతికించినట్టుంటుంది.

ఇక మసక. పాలరాయికి సన్నని రంధ్రాలుంటాయి, గ్రౌట్ రంగు వాటిలోకి ఇంకుతుంది. మొదట కొన్ని రోజులు ఆరనివ్వండి, కొంత మసక ఉత్త తడే కావచ్చు. మిగిలినదాన్ని నాణ్యమైన తటస్థ (ఆమ్లం, క్షారం రెండూ కాని) సబ్బుతో, ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దండి. యాసిడ్ మాత్రం తాకించవద్దు, పాలరాయి కరుగుతుంది. ఈసారి గ్రౌట్‌కు ముందే సీలర్ (రాయిలోకి రంగు ఇంకకుండా అడ్డుకునే పూత) పూసి ఆరబెట్టండి. అంటించడానికి తెల్ల అడ్హెసివే వాడండి.

ప్రశ్న: గులకరాళ్లతోనూ ఇలాంటి బొమ్మలు చేయవచ్చా?

జవాబు: నిక్షేపంగా. గ్రీసులోని పెల్లాలో క్రీ.పూ. 4వ శతాబ్దపు చివరినాటి నేలచిత్రాలు గులకరాళ్లవే. చిరుతపై స్వారీ చేసే గ్రీకు మద్య దేవుడు డయోనిసస్ బొమ్మ చూడండి, ఆ సన్నని గీతల పట్టు అబ్బురం. రాళ్లను రంగు, సైజుల వారీగా ముందే వేరుచేసుకోండి. 20-30 నిమిషాల్లో నింపగలిగినంత మేరకే గార పరచండి. ప్రతి రాయీ మూడింట రెండు వంతులు దిగాలి. పైపైన పెడితే ఊడిపోతుంది.