ప్లాస్టిక్ బిల్డింగ్ మోడల్‌కి ఏ జిగురు వాడాలి? ముందు ఆ ప్లాస్టిక్ ఏదో తేల్చుకోండి

మీ ప్రశ్నను బట్టి మీరు రెండు పనులు చేస్తున్నారు. ఒకటి హెచ్ఓ స్కేల్, అంటే అసలు కొలతలో 87వ వంతు ఉండే రైల్వే స్టేషన్ కిట్. రెండోది దాని పక్కన మిర్యాలగూడ రైస్ మిల్లు లాంటి గోదాము, సన్‌బోర్డు, అక్రిలిక్ షీటుతో సొంతంగా కడుతున్నది. రెండింటికీ ఫెవిక్విక్కే వాడారు. స్టేషన్ మూలలు కొంచెం తగిలితే ఊడిపోతున్నాయి, కిటికీ అద్దాలు తెల్లగా మసకబారాయి. ఇంతకంటే గట్టి జిగురు ఉందా అని అడిగారు.

ఇక్కడ సమస్య బలం తక్కువవడం కాదు, ఆ ప్లాస్టిక్‌కి ఆ జిగురు సరిపడకపోవడం. ఫెవిక్విక్ రెండు ముక్కల మధ్య ఒక పలుచని గాజు పొరలా గట్టిపడుతుంది. నిలువుగా లాగితే బాగానే ఆపుతుంది కానీ, పక్క నుంచి దెబ్బ తగిలినా, మూల దగ్గర విప్పినట్టు లాగినా టప్‌మని విడిపోతుంది. గోడల మూలలకు పడేది సరిగ్గా ఆ పక్క దెబ్బే.

కిట్ ప్లాస్టిక్ దాదాపు ఎప్పుడూ పాలీస్టైరీనే ఉంటుంది. అయినా అనుమానం ఉంటే రెండు పరీక్షలు చాలు. స్ప్రూ, అంటే ముక్కలన్నీ తగిలించి వచ్చే ఆ ఫ్రేము, దాంట్లోంచి చిన్న ముక్క కత్తిరించి గ్లాసు నీళ్లలో వేసి వేలితో కిందికి నొక్కి వదలండి. పాలీస్టైరీన్, ఏబీఎస్, అక్రిలిక్ మునుగుతాయి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలుతాయి. తేలిన దానికి మామూలు జిగురేదీ పట్టదు, స్క్రూనో పిన్నో పెట్టుకోవాల్సిందే. మునిగితే, కనపడని వైపు ఎసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ ఒక చుక్క వేసి పది సెకన్లు ఆగి సూది మొనతో తాకండి. బంకలా సాగితే అది ద్రావకంతో కరిగే ప్లాస్టిక్, మీ పని సులువైనట్టే.

అలా కరిగే ప్లాస్టిక్‌కి జిగురు అసలు అక్కర్లేదు. కావలసింది ద్రావకం. అది రెండు అంచులనూ మెత్తబరుస్తుంది, ఒకదాని పొర ఇంకోదాంట్లో కలిసిపోతుంది, ద్రావకం ఆవిరై వెళ్లిపోయాక రెండూ ఒకే ముక్క అవుతాయి. వెల్డింగ్ అన్నమాట. కిట్ల జిగురు, ప్లాస్టిక్ సిమెంటు అని అమ్మేవి చాలావరకు ఇవే. టమియా కంపెనీ పలుచని సిమెంటు ఎక్స్‌ట్రా థిన్‌లో ఉండేది ముఖ్యంగా ఎసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్. ఎసిటోన్ త్వరగా కరిగించి త్వరగా పోతుంది, బ్యూటైల్ ఎసిటేట్ నిదానంగా ఆరుతూ ముక్కల్ని సర్దుకునే టైము ఇస్తుంది. ఒట్టి ఎసిటోన్ అయితే అంచు గరుకుగా బంక కట్టి, సరిగా కలవక ముందే ఆరిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో కిట్ మొత్తం అతికించొద్దు అనేది అందుకే. అదే కంపెనీ చిక్కటి సిమెంటు కూడా ఉంటుంది, దాంట్లో కరిగిన రెసిన్ కలుస్తుంది. పొడుగాటి అంచులకు, కప్పులకు అది నయం. ఫాలర్ ఎక్స్‌పర్ట్ లాంటి సూది సీసాలు చిన్న ముక్కలకు బాగుంటాయి. సూది మూసుకుపోతే సీసా పిండకండి, సన్నని రాగి తీగ దూర్చి తీయండి.

ఇప్పుడు పని వరుస. ముందు ముక్కల్ని ఫ్రేము మీదే గిన్నెల సబ్బు కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టండి, అచ్చు నుంచి వచ్చిన నూనె పోవాలి. కత్తిరించాక అంచుని 400 నంబరు వాటర్ పేపర్ మీద రెండు రుద్దులు రుద్దితే చాలు. గోడలకు ముందే రంగు వేసి ఉంటే అతుకు వచ్చే చోట రంగు గీకేయాల్సిందే. లేకపోతే అతికేది రంగే, గోడ కాదు.

మూల నిలబెట్టడానికి చదునైన గ్రానైట్ ముక్క, దాని మీద పాల ప్యాకెట్ కవరు కోసి పరవండి. పాలిథీన్ కాబట్టి ద్రావకం దానికి అంటదు, మోడల్ కింద అతుక్కుపోదు. రెండు గోడల్నీ జిగురు లేకుండా ముందు చేర్చి, మూలమట్టం ఆనించి, బట్టల క్లిప్పులతో పట్టించండి. అప్పుడు పలుచని సిమెంటు బ్రష్ కొనని లోపలి వైపు నుంచి సందు మొదట్లో ఒక్కసారి తాకించండి. రుద్దొద్దు, తాకించి వదలండి. ద్రవం సందులోకి పరుగెత్తి, అంగుళమో అంగుళమున్నరో తడి గీత పాకడం కళ్లారా కనిపిస్తుంది. అది ఆగిన చోట మళ్లీ తాకించండి. పదిహేను సెకన్లయ్యాక మూలని మెల్లిగా లోపలికి నొక్కితే సందు వెంట వెంట్రుక మందం ప్లాస్టిక్ గీత ఉబ్బుతుంది. అది వచ్చిందంటే అతుకు కుదిరినట్టు. దాన్ని తుడవకండి. తుడిస్తే గోడ మీది ఇటుక గీతలన్నీ చెరిగిపోతాయి. రేపు గట్టిపడ్డాక బ్లేడుతో గీకేయొచ్చు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. వేలు సందు మీదే పెట్టి పట్టుకుంటారు. ద్రవం వేలి కిందికి కూడా పాకుతుంది, గోడ మీద వేలిముద్ర అచ్చంగా దిగిపోతుంది. రబ్బరు బ్యాండు, టేపు కిందికీ అలాగే పాకుతుంది. కాబట్టి పట్టు ఏదైనా సందుకి అర సెంటీమీటరు దూరంలో ఉండాలి. అర గంటలో చేత్తో పట్టుకోవచ్చు, పూర్తి బలానికి ఒక రోజు ఆగండి.

మన దగ్గర ఎండల సంగతి వేరే చెప్పాలి. మే నెలలో నల్గొండ, మిర్యాలగూడ వైపు 44, 45 డిగ్రీలు మామూలే. ఆ వేడికి పలుచని సిమెంటు సీసా నుంచి సందు దాకా చేరేలోపే బ్రష్ మీద ఆరిపోతుంది. అంచు పైన మాత్రమే తడిసి, లోపల కలవదు. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, రెండు రోజులకు విడిపోతుంది. ఎండకాలం అంతా పొద్దున్నే ఎనిమిది లోపు చేసుకోండి, లేదా చిక్కటి సిమెంటు వాడండి. కూలర్ ముందు కూర్చోవద్దు. దాని గాలికి బ్రష్ ఇంకా తొందరగా ఆరుతుంది, తేమకి ఫెవిక్విక్ పొగ ఇంకా ఎక్కువగా తెల్లబడుతుంది. వానకాలం సమస్య ఇంకొకటి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడి గాలిలోని తేమ దాని మీద దిగుతుంది, అతుకు వెంట తెల్లటి మచ్చ వస్తుంది. ముసురు రోజున కనపడే వైపు పని పెట్టుకోకపోవడమే మంచిది.

గోడలు వంకరపోయే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, గోదాము కట్టేవాళ్లకు ఇది తప్పకుండా వస్తుంది. 20 మీటర్ల గోదాము 1:87 లెక్కన 23 సెంటీమీటర్లు. అంత పొడుగు గోడకి 1 మిల్లీమీటరు పాలీస్టైరీన్ షీటు రెండు పొరలు వేసి, మధ్యలో సిమెంటు ధారాళంగా పూస్తే ఆ ద్రావకం బయటికి పోలేక రెండు మూడు వారాలు లోపలే ఉండి షీటుని వంచేస్తుంది. పొరల మధ్య అంతటా పూయకుండా అంచుల వెంట, మధ్యలో అక్కడక్కడ మాత్రమే తాకించండి. లోపలి పొరకి 3 మిల్లీమీటర్ల రంధ్రాలు కొన్ని వేయండి. గోడకి లోపల 4, 5 సెంటీమీటర్లకి ఒక అడ్డ పట్టీ నిలబెట్టండి. కప్పుతో పూర్తిగా మూసేసే డబ్బా అయితే అడుగున కూడా ఒక రంధ్రం ఉంచండి.

సందులు మిగిలితే పుట్టీ కొననక్కర్లేదు. అదే స్ప్రూని మినపగింజలంత ముక్కలు చేసి, ఖాళీ సీసాలో మూడో వంతు వేసి, మునిగేదాకా పలుచని సిమెంటు పోసి రాత్రంతా ఉంచండి. తేనెలా తయారవుతుంది. ఆరేటప్పుడు కుంగుతుంది కాబట్టి ఒకసారి పూసి, మరుసటి రోజు రెండోసారి పూసి, తరవాత రుద్దండి.

ఇక మీ సన్‌బోర్డు. దుకాణాల్లో ఆ పేరుతో రెండు రకాలు ఇస్తారు. ఒకటి అంతా ఒకే తెల్లటి పీవీసీ ఫోము, గోరుతో నొక్కితే గట్టిగా ఉంటుంది. ఇంకోటి పైన పలుచని పొర, లోపల థర్మోకోల్ లాంటి మెత్తటి ఫోము. కోసిన అంచు మీద సిమెంటు ఒక చుక్క వేసి చూడండి. గుంట పడి కరిగిపోతే రెండో రకం, దానికి ఫెవికాల్ మాత్రమే వాడండి, ద్రావకం ఏదీ వద్దు. పీవీసీ రకానికి పైపుల దుకాణంలో దొరికే పీవీసీ సాల్వెంట్ సిమెంటు పలుచగా, అగ్గిపుల్లతో పూస్తే మంచి పట్టు ఉంటుంది. అదే డబ్బా స్టేషన్ కిట్ దగ్గరికి తీసుకురావొద్దు, పలుచని పాలీస్టైరీన్‌ని ముద్ద చేస్తుంది.

ఫెవికాల్ ఆరేది దాంట్లోని నీరు పోయినప్పుడే. థర్మోకోల్ గుట్టకి, కాగితానికి, కర్రకి అది సరైనది. రెండు ప్లాస్టిక్ పలకల మధ్య వేస్తే నీరు పోవడానికి దారి లేక వారమైనా పచ్చిగానే ఉండి, తరవాత తొక్కలా ఊడొస్తుంది. థర్మోకోల్ మీద స్ప్రే పెయింట్ కొట్టేముందు కూడా రెండు పూతలు ఫెవికాల్ వేయండి, లేకపోతే పెయింట్‌లోని ద్రావకం దాన్ని తినేస్తుంది. ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురు కూడా థర్మోకోల్‌ని తినేదే.

అక్రిలిక్ పలకలకు నేమ్ బోర్డుల దుకాణంవాళ్లు క్లోరోఫాం గానీ డైక్లోరోమీథేన్ గానీ సూదితో ఎక్కిస్తారు. అతుకు నీళ్లలా తేటగా వస్తుంది, నిజమే. కానీ డైక్లోరోమీథేన్ సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది. మన ఎండకాలంలో గదిలోనే మరిగే వేడి అది, మూత తిప్పగానే బుస్సుమని చిమ్ముతుంది. ఆ ఆవిరి ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. క్లోరోఫాం కాలేయానికి చెడ్డది. ఇంట్లో, అందులో పిల్లలున్న చోట, ఈ రెండూ వద్దని గట్టిగా చెప్తాను. అక్రిలిక్ అతుకులు ఆ దుకాణంలోనే చేయించుకోండి. లేజర్‌తో కోయించిన అంచులకి ద్రావకం తగిలితే సన్నని పగుళ్లు వలలా వస్తాయి, అది కూడా వాళ్లకి ముందే చెప్పండి.

కిటికీ అద్దాలకు ఫెవిక్విక్ వద్దు, సిమెంటూ వద్దు. ఒకదాని పొగ అద్దాన్ని తెల్లబరుస్తుంది, ఇంకోటి అద్దంలో పగుళ్లు తెస్తుంది. అగ్గిపుల్ల కొనతో ఫెవికాల్‌ని లోపలి చట్రం చుట్టూ పలుచగా పూసి అద్దం ఆనించండి. సన్నని అంచే కాబట్టి పక్క నుంచి ఆరిపోతుంది, ఆరాక కనపడదు. గోడల పని ముగిసి ఒక రోజు గడిచాకే అద్దాలు పెట్టండి. ఇప్పటికే తెల్లబడ్డ వాటిని కాపాడే ప్రయత్నం చేయకండి, పారదర్శక షీటు కోసి కొత్తవి పెట్టడమే తేలిక.

అంటే ఫెవిక్విక్ పనికిరాదని కాదు. ఇత్తడి కమ్మీలు, రెసిన్ బొమ్మలు, త్రీడీ ప్రింట్ చేసిన పీఎల్ఏ ముక్కలు ప్లాస్టిక్‌కి అతికించడానికి అదే కావాలి, కిట్ సిమెంటు వాటిని పట్టదు. గుండు సూది మొనంత చాలు. వంటసోడా చల్లితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, పగిలిన మూలలకి లోపలి వైపు బలంగా వాడుకోవచ్చు. నూలు గుడ్డతో తుడవకండి, అది వేడెక్కి చెయ్యి కాలుతుంది. బరువైన లోహపు ముక్కలకి అరాల్డైట్ రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసి రెండు నిమిషాలు కలపండి. కొలత తప్పితే ఎన్నాళ్లైనా బంకగానే ఉంటుంది.

ఊడిపోయిన మీ స్టేషన్ మూలల్ని తిరిగి చేసేటప్పుడు పాత ఫెవిక్విక్ పెచ్చుని బ్లేడుతో పూర్తిగా గీకి, ప్లాస్టిక్ కనిపించేదాకా వాటర్ పేపర్‌తో రుద్దండి. ఎసిటోన్‌తో కడిగితే పెచ్చు కంటే ముందు గోడ కరుగుతుంది. సీసా ఒరిగిపోకుండా చెక్క ముక్కలో గుంట చేసి నిలబెట్టుకోండి. థర్మోకోల్ స్టాండు మాత్రం చేయొద్దు, ఒలికితే అదే మొదట కరిగిపోతుంది. కిటికీలు తెరిచి, దీపం, గ్యాస్ పొయ్యి దూరంగా ఉంచి పని మొదలుపెట్టండి.