డిపో నౌక ముచ్చట్లు విని నేవీకి వెళ్తానంటున్న కుర్రవాడు

ప్రశ్న: నేను తిరుపతిలో ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌ని. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. మా వీధిలో నౌకాదళంలో పదిహేనేళ్లు పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. అందరూ ఆయనను నేవీ తాత అంటారు. ఐఎన్ఎస్ అంబా అనే ఓడ మీద జలాంతర్గాములకు సేవలు చేసిన రోజుల ముచ్చట్లు ఆయన సాయంత్రం పూట చెబుతుంటారు. అవి విని మావాడు ఇంజినీరింగ్ వద్దు, నేవీలో చేరి సబ్‌మెరైన్‌లోకి వెళ్తానంటున్నాడు. వాళ్లమ్మ భయపడుతోంది. మమ్మల్ని ఏం చేయమంటారు? (ఒక తండ్రి, చంద్రగిరి)

జవాబు: నమస్కారం. పెద్దాయన చెప్పేవి జలాంతర్గాములకు సేవలు చేసిన రోజుల ముచ్చట్లని మీరే రాశారు. అంటే ఆయన నీటి అడుగున తిరిగిన మనిషి కాదు, అలా తిరిగి వచ్చిన వాటిని మళ్లీ బయలుదేరేలా సిద్ధం చేసిన డిపో నౌకలో పనిచేసిన మనిషి. మీ అబ్బాయి మాత్రం ఆ ముచ్చట్లు విని సబ్‌మెరైన్‌లోకే వెళ్తానంటున్నాడు. ఈ రెండు పనులకూ మధ్య ఉన్న తేడా ఏమిటో ముందు తేల్చుకోవాలి. దాన్ని వాడికి వివరించడానికి నాకంటే మీరే తగినవారు, ఎందుకంటే మీ ఉద్యోగమూ డిపోలోనే.

మన దేశపు తొలి జలాంతర్గామి ఐఎన్ఎస్ కల్వరి 1967 డిసెంబరు 8న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో నౌకాదళంలో చేరింది. ఏడాది తిరిగేసరికి, 1968 డిసెంబరులో, ఆ దేశంలోనే తయారైన అంబా కూడా చేరింది. అంబా సుమారు 140 మీటర్ల పొడవున్న డిపో నౌక. 2006లో విరమించే దాకా దాని ప్రధానమైన పని జలాంతర్గాములను చూసుకోవడమే. ఆ కాలపు ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గాములు నీటిపైన ఉన్నప్పుడు, లేదా గాలి పీల్చే గొట్టాన్ని మాత్రమే పైకి చాచి ఉన్నప్పుడు, డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకునేవి. అడుగుకు వెళ్లాక ఆ బ్యాటరీల మీదే బతికేవి. 91 మీటర్ల ఆ ఉక్కు గొట్టంలో 75 మంది దాకా ఉండేవారు. మంచినీళ్లు తాగడానికీ వంటకూ సరిపోతే చాలనుకునే రోజులవి కాబట్టి స్నానమన్న మాటే ఉండేది కాదు. వారాల తరబడి అలా తిరిగి వచ్చిన జలాంతర్గామి డిపో నౌక పక్కన కట్టుకున్నప్పుడు, దానికి డీజిల్, మంచినీరు, ఒత్తిడి గాలి, బ్యాటరీలకు కరెంటు, టార్పెడోలు, మందులు, తిండి సామాను అన్నీ ఆ నౌక నుంచే అందేవి. పడుకోవడానికి పక్కలు, ఒళ్లు రుద్దుకోవడానికి నీళ్లు కూడా అక్కడే దొరికేవి. విరిగిన వాల్వు కడ్డీని లేత్ మిషన్ మీద కొత్తగా తీసి ఇచ్చే వర్క్‌షాపు ఆ నౌక కడుపులోనే ఉండేది.

ఈ ప్రాంతంలో స్థిరపడిన మాజీ నావికులతో నా పనిలో భాగంగా మాట్లాడుతుంటాను. డిపో నౌకల మీద పనిచేసిన వాళ్ల జ్ఞాపకాలలో తుపాకులు చాలా తక్కువగా వినిపిస్తాయి. ముందుగా వచ్చేది వాసన. జలాంతర్గామి మూత తీయగానే డీజిలు, చెమట, వంట నూనె, బ్యాటరీ కలిసిన ఒక వాసన పైకి వచ్చేదని, గడ్డాలు పెరిగిన మనుషులు వెలుతురుకు కళ్లు చికిలిస్తూ నిచ్చెన ఎక్కి, అన్నం కంటే ముందు స్నానాల గది ఎటని అడిగేవారని ఒకాయన నాతో చెప్పారు. బ్యాటరీలు నింపేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది కనుక చుట్టుపక్కల అగ్గిపుల్ల గీయనిచ్చేవారు కాదని, ఆ కొన్ని గంటలు బీడీ అలవాటున్న వాళ్ల ముఖాలు చూడాల్సిందేనని మరొకాయన నవ్వుతూ అన్నారు. క్రేనుతో టార్పెడోను దించేటప్పుడు అంతమంది ఉన్న డెక్కు మీద తాడు కిర్రుమనే చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదన్నది ఇంకొకరి జ్ఞాపకం. మీ నేవీ తాత కూడా ఇలాంటివే చెబుతూ ఉండాలి. వీటిలో అబద్ధం ఉండదు గాని, పదిహేనేళ్ల సర్వీసులో చెప్పదగినవిగా మిగిలిన కొద్ది రోజులు మాత్రమే ఉంటాయి. తుప్పు గీకి రంగు వేసిన నెలలు, నాలుగు గంటలకోసారి మారే కాపలా వంతులు, ఇంజన్ గది వేడి, ఇంట్లో బిడ్డ పుట్టిన కబురు ఆలస్యంగా చేరిన వైనం ఎవరూ అరుగు మీద కూర్చుని చెప్పరు. అవి అడిగితే తప్ప బయటికి రావు.

అందుకే మీ అబ్బాయి చేత ముందు తాతగారిని అడిగించమంటున్నాను. రోజు మొత్తంలో చేతిలో ఏ పనిముట్టు ఉండేదో, ఏ పని విసుగు పుట్టించేదో, ఏడాదికి ఎన్ని రోజులు ఇంటికి రాగలిగారో, సర్వీసు ముగిసి తిరిగి వచ్చినప్పుడు ఆ నైపుణ్యం తిరుపతిలో ఏ ఉద్యోగానికి పనికొచ్చిందో అడగాలి. ఆ జవాబులు విన్న తర్వాత కూడా వాడి కళ్లలో అదే ఉత్సాహం ఉంటే, దాన్ని కథల మోజు అనుకోకండి. ఒకవేళ వాల్వులు, బ్యాటరీలు, లేత్ పని దగ్గరే వాడి ఆసక్తి ఆగిపోతే, వాడికి కావలసింది మరమ్మతు విద్య అన్నమాట. ఆ విద్యకు నౌకాదళం ఒక దారి మాత్రమే. ఇన్నేళ్లు మీరు ఇంట్లో అన్నం పెట్టింది ఆ విద్యతోనే గనుక మీ వాడికి అది తక్కువగా అనిపించే అవకాశమూ ఉంది. డిపోలో చేసే పనికే ఓడ మీద గొప్పతనం వచ్చిందన్న సంగతి ఒకసారి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

ఇక తాతగారి కాలానికీ ఇప్పటికీ మారిన సంగతులు. ఆయన పదిహేనేళ్లు పనిచేసి పింఛనుతో వచ్చారు. 2022 నుంచి సెయిలర్ల నియామకం అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లకే జరుగుతోంది. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండి 50 శాతం మార్కులు తెచ్చుకున్న, పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల లోపు అవివాహితులు అగ్నివీర్ ఎస్ఎస్ఆర్‌కు (ఇంటర్ చదివినవారిని సెయిలర్లుగా తీసుకునే విభాగం) దరఖాస్తు చేయవచ్చు. కంప్యూటర్ పరీక్ష, 1.6 కిలోమీటర్ల పరుగు వంటి దేహదారుఢ్య పరీక్షలు, వైద్య పరీక్షలు దాటితే ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ మొదలవుతుంది. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలతో మొదలై నాలుగో ఏడాదికి 40,000 అవుతుంది. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది, ప్రభుత్వమూ అంతే జమ చేస్తుంది. నాలుగేళ్లు నిండాక చేతికి వచ్చే మొత్తం వడ్డీ కాకుండా పది లక్షల పైచిలుకు. శాశ్వతంగా కొనసాగించేది ప్రతి బ్యాచ్‌లో 25 శాతం దాకా మాత్రమే. తొలి నౌకాదళ బ్యాచ్ 2022 నవంబరులో చిల్కాలో చేరింది కాబట్టి వాళ్ల నాలుగేళ్లు నిండేది 2026లో. మిగిలిన వాళ్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలన్నది మీరు లెక్కలోకి తీసుకోవలసిన మొదటి సంగతి. చేరేవాళ్లందరూ ఆ 25 శాతంలో తామూ ఉంటామనుకునే చేరతారు.

రెండో సంగతి: ఇంటర్ అవగానే జలాంతర్గామికి నేరుగా దరఖాస్తు చేసుకునే పద్ధతి ఎక్కడా లేదు. ముందు నౌకాదళంలో చేరాలి, ఆ తర్వాత స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్లలోంచి ప్రత్యేక వైద్య పరీక్షలు చేసి ఎంచుకుని, విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ సాతవాహనలో శిక్షణ ఇస్తారు. మునిగిన జలాంతర్గామి నుంచి తప్పించుకు రావడం నేర్పే వినేత్ర అనే శిక్షణ కేంద్రాన్ని కూడా అక్కడే 2024 డిసెంబరులో ప్రారంభించారు. అర్హత సాధించిన వాళ్లకు డాల్ఫిన్ల బ్యాడ్జి దక్కుతుంది. అక్కడిదాకా వెళ్లకముందే ఆగిపోయేవాళ్లలో కొందరు రంగుల గుర్తింపు దగ్గర ఆగుతారు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కల పుస్తకంతో చేసే ఆ పరీక్షను తిరుపతిలో ఏ కంటి వైద్యుడి దగ్గరైనా ఈ వారమే చేయించండి. వాడి కలను మనం ఏడాది పొడవునా చర్చించి, చివరికి వైద్య పరీక్షలో తెలుసుకోవడం కంటే అది మేలు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు రెండేళ్లు పరుగు సాధన చేసిన తర్వాత ఈ సంగతి తెలుసుకుని, నా ముందు కూర్చుని మాట లేకుండా ఉండిపోయాడు.

మీ అబ్బాయి చదువులో బాగా ఉంటే అధికారి దారిని పక్కన పెట్టకండి. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహించే ఎన్డీఏ (జాతీయ రక్షణ అకాడమీ) ప్రవేశ పరీక్ష ఒకటి. ఇంటర్ ఎంపీసీలో 70 శాతం, ఇంగ్లిషులో 50 శాతం తెచ్చుకుని, జేఈఈ మెయిన్ ర్యాంకుతో దరఖాస్తు చేసి, ఎస్ఎస్‌బీ (సైనిక అధికారులను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ నెగ్గితే కేరళలోని ఎళిమల నౌకా అకాడమీలో బీటెక్‌ను ప్రభుత్వ ఖర్చుతో చదివి అధికారిగా బయటికి రావచ్చు. ఎలాగూ జేఈఈ రాస్తున్న పిల్లవాడికి ఇది అదనపు శ్రమ పెద్దగా కాదు. ఇంజినీరింగ్ వద్దన్న వాడికి ఇంజినీరింగే దారి చూపుతుందన్నది వేరే సంగతి. యూనిఫాం లేకుండా ఓడల పనిలోకే వెళ్లాలనుకుంటే, ఐఎంయూ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ) విశాఖ క్యాంపస్‌లో నౌకా నిర్మాణ బీటెక్ ఉంది. ఐటీఐ చేసిన వాళ్లకు నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ శిక్షణ ఉంది. మధ్యలో ఎవరైనా వచ్చి డబ్బిస్తే నేవీలో ఉద్యోగం ఇప్పిస్తానంటే ఆ మాట అక్కడితో ఆపేయండి. ఈ నియామకాల్లో డబ్బుకు చోటు లేదు.

తాతగారి అంబా లాంటి నౌకల పని ఆగిపోయిందా అని మీవాడు అడుగుతాడు. చాలావరకు ఒడ్డు మీదికి వచ్చింది. విశాఖలోని ఐఎన్ఎస్ వీరబాహు 1971 నుంచే జలాంతర్గాముల స్థావరం. అమెరికా మాత్రం గ్వామ్ దీవి దగ్గర రెండు డిపో నౌకలను ఇప్పటికీ నడుపుతోంది. మన దగ్గర ఆ పనిలో ఒక భాగం, అంటే ఆపదలో ఉన్న జలాంతర్గామిని ఆదుకోవడం, కొత్త రూపంలో పెరిగింది. సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన మన పాత రక్షణ నౌక పేరునే పెట్టిన ఐఎన్ఎస్ నిస్తార్‌ను హిందుస్థాన్ షిప్‌యార్డ్ విశాఖలో నిర్మించగా, అది 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. 118 మీటర్ల ఆ నౌక నుంచి డైవర్లు 300 మీటర్ల లోతు దాకా దిగి పనిచేయగలరు. నీటి అడుగుకు వెళ్లి మనుషులను తెచ్చే రక్షణ వాహనానికి అది తల్లి నౌక. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గల 53 మందితో మునిగినప్పుడు మన నౌకాదళం కూడా విశాఖ నుంచి రక్షణ వాహనాన్ని పంపింది. దురదృష్టవశాత్తు అప్పటికే ఎవరూ బతికి లేరు.

వాళ్లమ్మ భయాన్ని అనవసరమని నేను అనను. 2013 ఆగస్టు 14న ముంబై రేవులోనే ఐఎన్ఎస్ సింధురక్షక్‌లో పేలుళ్లు జరిగి 18 మంది చనిపోయారు. ప్రమాదాలు అరుదు గాని జరగవని ఎవరూ మాట ఇవ్వలేరు. ఆమెకు ధైర్యం చెప్పే పని మీవాడి మీద పెట్టకుండా, నేవీ తాత ఇంటి ఆమెతో ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టండి. ఆ పదిహేనేళ్లు ఇల్లు నడిపింది ఆవిడే కాబట్టి, అరుగు మీద ఎవరూ చెప్పని సగం ఆవిడ దగ్గర ఉంటుంది.

పరీక్షలయ్యాక రాత్రి రైలుకు విశాఖ వెళ్లి రండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఐఎన్ఎస్ కురుసురా అక్కడి ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉంది. అంబా పాలించి పోషించిన తరగతి జలాంతర్గామి అది. పెద్దాయన ఆరోగ్యం అనుమతిస్తే ఆయననూ తీసుకెళ్లండి. డీజిల్ ఇంజన్ల గదిలోకి వెళ్లాక మీరిద్దరూ ఏమీ మాట్లాడకండి. వాడు ఆ ఇంజన్ల ముందు ఎంతసేపు నిలబడతాడో, ఆయనను అడిగే మొదటి ప్రశ్న యంత్రం గురించా, సముద్రం గురించా అన్నది గమనించి నాకు మళ్లీ రాయండి.